‘గ్రేట్ నంబర్ ఆఫ్’ తప్పట! లార్జ్ ఒక్కటే రైటా?

గుత్తిరోడ్డు_గిరి
అనంతపురంలో మా కోచింగ్ సెంటర్‌లో బ్యాంక్ పరీక్షకు మాక్ టెస్ట్ పెట్టారు. ఖాళీ పూరించే ప్రశ్న ఇది: ‘ఎ ___ నంబర్ ఆఫ్ ఫార్మర్స్ హ్యావ్ మైగ్రేటెడ్ టు బెంగళూరు.’ ఆప్షన్లు బిగ్, లార్జ్, గ్రేట్, టాల్. నేను గ్రేట్ పెట్టాను. తప్పని కొట్టి పావు మార్కు కోసేశారు. కీలో ఉన్నది లార్జ్. సార్‌ని అడిగితే ‘గ్రేట్ అంటే గొప్ప. రైతులు ఊరొదిలి పోవడం గొప్పా?’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బిగ్, లార్జ్, గ్రేట్ మూడింటికీ మనకున్నది ‘పెద్ద’ ఒక్కటే కదా. ఎక్కడ ఏది వాడాలో రూల్ ఏమైనా ఉందా, లేక ఇంగ్లీషోళ్ల ఇష్టమేనా?

సంగటి_ముద్ద
టాల్ పెట్టినోళ్లు ఎవరైనా ఉన్నారా మీ క్లాసులో? వాళ్లను చూడాలని ఉంది.

గుత్తిరోడ్డు_గిరి
ఉన్నారు. ఇద్దరు. పేర్లు చెప్పను.

పాఠాల_పద్మ
కర్నూల్లో హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను, కాబట్టి నోరు ఊరుకోదు. ‘ఎ గ్రేట్ నంబర్ ఆఫ్’ తప్పు కాదు గిరీ. పాత పుస్తకాల్లో, గంభీరంగా రాసే చోట అదే ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్’ ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది, అంతే తేడా. ఆ ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయి, కాబట్టి ప్రశ్నే తప్పు. అక్కడ కుదరనివి టాల్, బిగ్. ‘ఎ బిగ్ నంబర్ ఆఫ్ ఫార్మర్స్’ అంటే అర్థమవుతుంది కానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అలాగని ‘బిగ్ నంబర్’ అనే మాటే లేదనుకోవద్దు. పది లక్షల కోట్లు అనే అంకెను చూపించి ‘దట్స్ ఎ బిగ్ నంబర్’ అనొచ్చు. అక్కడ పెద్దగా ఉన్నది అంకె. మీ ప్రశ్నలో లెక్కకు వస్తున్నది రైతులు.

ఇక ‘గ్రేట్ అంటే గొప్ప’ అనే మాట. గొప్ప అనే అర్థం దానికి తరవాత వచ్చింది. మొదటి అర్థం బండగా, లావుగా, భారీగా ఉండటం. జర్మన్ వాళ్ల ‘గ్రోస్’, డచ్ వాళ్ల ‘గ్రూట్’ దీనికి అన్నదమ్ములే. వాళ్లకు ఈరోజుకీ అవి మామూలు ‘పెద్ద’లే.

రూల్_అంటే_రూల్
పద్మ మేడమ్, మీరు చెప్పింది భాష. గిరి రాస్తున్నది పరీక్ష. నేనూ కోచింగ్‌లో చెప్తాను. నంబర్, అమౌంట్, క్వాంటిటీ కనపడితే లార్జ్ పెట్టి ముందుకు పోవాలి. ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. గ్రోస్, గ్రూట్ ఆలోచిస్తూ కూర్చుంటే తరవాతి అయిదు ప్రశ్నలు పోతాయి.

గుత్తిరోడ్డు_గిరి
అన్నా, లార్జ్ పెట్టమని చెప్పడం వేరు, గ్రేట్ తప్పని కొట్టడం వేరు కదా. నా బాధ రెండోది.

రూల్_అంటే_రూల్
అది మీ సార్‌తో తేల్చుకో తమ్ముడూ. అసలు పరీక్ష వాళ్లు ఒకే ప్రశ్నలో ఆ రెండూ ఇవ్వరు. ఇస్తే అభ్యంతరాలు వస్తాయని వాళ్లకూ తెలుసు.

బెంగళూరు_బస్సు
నేను బెంగళూరులో కస్టమర్ సపోర్ట్‌లో ఉన్నాను, వారం వారం అనంతపురం వస్తుంటాను. మా ట్రైనింగ్‌లో ఒకమ్మాయి ‘మై లార్జ్ బ్రదర్ ఈజ్ ఇన్ అమెరికా’ అంది. ట్రైనర్ ఆగిపోయి ‘హౌ లార్జ్?’ అని అడిగాడు. ఆ పిల్ల సిక్స్ ఫీట్ అంది. అప్పటినుంచి ఆ పిల్ల అన్నకు మా బ్యాచ్‌లో పేరు లార్జ్ బ్రదరే. పాపం ఆయనకు తెలీదు.

కాబట్టి అన్న అయితే బిగ్ బ్రదర్. లావుగా ఉన్న మనిషిని మర్యాదగా చెప్పాలంటే లార్జ్. మన ఊళ్లో ‘పెద్దమనిషి’ అంటామే, దానికి బిగ్ మ్యాన్ అన్నా సరిపోదు, గ్రేట్ మ్యాన్ అన్నా సరిపోదు.

సంగటి_ముద్ద
లార్జ్ అనగానే నాకు గుర్తొచ్చేది 60 ఎం.ఎల్. స్మాల్ అంటే 30. బార్‌లో బిగ్ అడిగితే సర్వర్ వింతగా చూస్తాడు. ఇంతకన్నా సులువైన గ్రామర్ క్లాసు ఉండదప్పా.

కోర్టు_గుమాస్తా
కడపలో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన పిల్లోడికి ఇంగ్లిష్ పేపర్ వార్త ఇచ్చి తెలుగులో రాయమన్నాం. ‘ది అక్యూజ్డ్ ఈజ్ స్టిల్ ఎట్ లార్జ్’. ‘నిందితుడు ఇంకా పెద్ద ఎత్తున ఉన్నాడు’ అని రాశాడు. సంగటి_ముద్ద రాసి ఉంటే నిందితుడు ఇంకా రెండో పెగ్గు దగ్గరే ఉన్నాడని రాసేవాడేమో. ఎట్ లార్జ్ అంటే ఇంకా దొరకలేదు, బయట తిరుగుతున్నాడని.

పాఠాల_పద్మ
గుమాస్తా గారు మంచిది తెచ్చారు. లార్జ్ ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది, దాని వెనక లాటిన్ ‘లార్గుస్’ ఉంది. సమృద్ధి, ధారాళం అని అర్థం. ఫ్రెంచిలో ఇప్పటికీ ‘లార్జ్’ అంటే వెడల్పు. అడ్డూ ఆపూ లేని చోటు అన్న ఊహ నుంచే ఎట్ లార్జ్ వచ్చింది. ‘బై అండ్ లార్జ్’ అయితే ఓడల మాట. గాలికి ఎదురు పోయేటప్పుడు ‘బై’, గాలి వెనకనుంచి తోస్తుంటే ‘లార్జ్’. రెండు రకాలుగానూ నడిచే ఓడ అంటే మొత్తం మీద బాగున్న ఓడ. అలా అది ‘మొత్తం మీద’ అనే అర్థంలో స్థిరపడింది.

సంగటి_ముద్ద
మన సీమలో ఓడలు లేవక్కా. ఉదాహరణ ఏదైనా ఆర్టీసీ బస్సుతో చెప్పు.

డ్యూటీ_నర్స్
పద్మ మేడమ్, వెడల్పు అన్నారు కదా, నాకు ఒక పాత సందేహం ఇప్పుడు తీరింది. నర్సింగ్ చదివేటప్పుడు స్మాల్ ఇంటెస్టైన్ దాదాపు 6 మీటర్లు, లార్జ్ ఇంటెస్టైన్ మీటరున్నర అని చెప్పారు. పొడుగ్గా ఉన్నది స్మాల్ ఎలా అయిందని అప్పుడు అడిగితే, నోరు మూసుకుని రాసుకో అన్నారు. పేర్లు పెట్టింది పొడవు చూసి కాదు, లావు చూసి. మన తెలుగులోనూ చిన్న పేగు, పెద్ద పేగు అనే అంటాం, మనమూ అడగం.

మా దగ్గర మూడు మాటలూ నడుస్తాయి. కాలి బొటనవేలు మామూలుగా బిగ్ టో, కేస్ షీట్‌లో గ్రేట్ టో. బిడ్డ బరువు ఎక్కువగా ఉంటే ‘లార్జ్ ఫర్ జెస్టేషనల్ ఏజ్’ అని రాస్తారు. కడుపులో అన్నే వారాలు పెరిగిన బిడ్డల్లో నూటికి 90 మంది కన్నా ఎక్కువ బరువుంటే ఆ మాట. కింది పది మందిలో ఉంటే ‘స్మాల్ ఫర్ జెస్టేషనల్ ఏజ్’. అవి కొలిచి రాసే మాటలు. అదే బిడ్డను చేతిలోకి తీసుకున్న నాయనమ్మతో ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వస్తే ‘బిగ్ బేబీ’ అంటాం.

గుత్తిరోడ్డు_గిరి
అంటే కొలిస్తే లార్జ్, చూసి అనిపిస్తే బిగ్. ఇది పట్టుకోవచ్చా?

పాఠాల_పద్మ
చాలా చోట్ల పట్టుకోవచ్చు. అన్ని చోట్లా కాదు.

ప్రొద్దుటూరు_కొట్టు
షర్టుల మీద ఎల్ అంటే లార్జే కానీ కొలత మాత్రం ఒక్కటి కాదు తమ్ముడూ. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎక్స్‌ఎల్‌తో సమానం. నేను మనిషిని చూసి సైజు తీస్తాను, అక్షరం చూసి కాదు. మాకు పెళ్లి సీజన్‌లో ఇంకో తలనొప్పి ఉంది. మొగోడికి ‘డబల్ ఎక్స్‌ఎల్ పడుతుంది’ అంటే పట్టించుకోడు. ఆడవాళ్లకు అదే మాట చెప్తే బేరం పోతుంది. ‘కొంచెం ఫ్రీగా ఉంటుందమ్మా’ అనాల.

సంగటి_ముద్ద
ఇప్పుడు గిరి పరీక్షలో ‘ఎ ఫ్రీ నంబర్ ఆఫ్ ఫార్మర్స్’ అని రాస్తాడు.

శెనక్కాయ_రైతు
రైతుల పేరుతో మొదలుపెట్టి రైతును వదిలేశారు కాబట్టి నేను చెప్తా. మాది కళ్యాణదుర్గం వైపు. సర్కారు లెక్కల్లో హెక్టారు లోపు ఉంటే మార్జినల్, 1 నుంచి 2 హెక్టార్లు స్మాల్, 2 నుంచి 4 సెమీ మీడియం, 4 నుంచి 10 మీడియం, 10 దాటితే లార్జ్. 10 హెక్టార్లంటే దగ్గర దగ్గర 25 ఎకరాలు. మా పెదనాయనకు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది, అంతా మెట్ట. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. అది కూడా విత్తినప్పుడు రాదు, ఊడ పట్టినప్పుడు రాదు, కాయ పీకి వామి వేసినాక వస్తుంది. ఆయన కాగితం మీద లార్జ్ ఫార్మర్. గోదావరి కాలవ కింద 4 ఎకరాలున్నాయన స్మాల్ ఫార్మర్. ఇద్దరిలో ఎవరింట్లో బియ్యం కొనుక్కుంటారో మీకు తెలుసు.

2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ మొదలైనప్పుడు 2 హెక్టార్ల లోపు వాళ్లకే అన్నారు. తరవాత ఆ ఏడాదే ఆ హద్దు తీసేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ‘లార్జ్’ అనే ఒక్క మాటకు మా పెదనాయనకు ఏడాదికి 6 వేలు రాకుండా పోయేవి.

బెంగళూరు_బస్సు
అన్నా, అక్కడ లార్జ్ బదులు బిగ్ ఫార్మర్ అనుంటే?

శెనక్కాయ_రైతు
బిగ్ ఫార్మర్ అంటే పలుకుబడి ఉన్నోడు అప్పా. ట్రాక్టర్లు, బోర్లు, కొడుకు బెంగళూరులో. ఆయనకు 8 ఎకరాలే ఉండొచ్చు.

పాఠాల_పద్మ
నేను క్లాసులో ఇన్నేళ్లు చెప్పలేనంత తేటగా చెప్పారు మీరు. లార్జ్ ఎకరాలను చూస్తుంది, బిగ్ మనిషి పొగరునూ పలుకుబడినీ చూస్తుంది. ‘బిగ్’ పుట్టుక ఎక్కడో ఖాయంగా తేలలేదు. సుమారు 1300 నాటి ఉత్తర ఇంగ్లండ్ రాతల్లో మొదట కనిపిస్తుంది, అదీ ‘బలమైన’ అనే అర్థంతో. ఆ బలం వాసన ఇప్పటికీ పోలేదు. బిగ్ డెసిషన్, బిగ్ మిస్టేక్, బిగ్ షాట్, టాక్ బిగ్. వీటిలో ఏ ఒక్కదానికీ లార్జ్ పెట్టి చూడండి, చచ్చిపోతుంది.

రూల్_అంటే_రూల్
మేడమ్, మరి ‘బిగ్ మనీ’, ‘బిగ్ బిజినెస్’? లెక్కపెట్టలేని నామవాచకాల ముందు బిగ్ రాదని పిల్లలకు చెప్తాం. వాళ్లు ఇవి చూపించి నన్ను ఇరికిస్తారు.

పాఠాల_పద్మ
ఆ రెండూ అలా జతకట్టుకుపోయాయి, విడదీయలేం. మిగతా చోట చాలావరకు మీ రూల్ నిలుస్తుంది. బిగ్ రెస్పెక్ట్ కాదు, గ్రేట్ రెస్పెక్ట్. బిగ్ కేర్ కాదు, గ్రేట్ కేర్. బిగ్ ట్రాఫిక్ కాదు, హెవీ ట్రాఫిక్. మన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. ‘పెద్ద వాన’ను బిగ్ రెయిన్ అంటారు, హెవీ రెయిన్ అనాలి. పెద్ద గొంతు అంటే లౌడ్ వాయిస్. పెద్ద చదువులు అంటే హయ్యర్ స్టడీస్. పెద్ద రేటు అంటే హై ప్రైస్. పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి మన పెద్ద వేషం మారుస్తుంది.

బెంగళూరు_బస్సు
‘సినిమా పెద్ద బాగాలేదు’ అంటాం కదా, దీన్ని మా రూమ్మేట్ ‘మూవీ ఈజ్ నాట్ బిగ్ గుడ్’ అన్నాడు. వాడిది కదిరి. ‘నాట్ దట్ గ్రేట్’ అనాలని ఒడిశా అబ్బాయి సరిచేశాడు. గిరి, చూశావా, ఇక్కడ గ్రేట్‌కు గొప్ప అనే అర్థం ఉంది కానీ ఆ సినిమాకు లేదు.

ఉగ్గాని_ప్రియ
ఇంత గొడవ ఎందుకు? ఇండియాలో కోట్లమంది బిగ్ బిగ్ పీపుల్, బిగ్ బిగ్ బిల్డింగ్స్ అంటూ హాయిగా మాట్లాడుకుంటున్నారు. ఎదుటివాడికి అర్థమైతే చాలు. లండన్ వాడికి నచ్చాలని మనకేం పట్టింది?

పాఠాల_పద్మ
మాట్లాడటానికి అభ్యంతరం లేదు తల్లీ. గిరికి పావు మార్కు పోయింది, అదీ గొడవ.

ఉగ్గాని_ప్రియ
పావు మార్కు కోసే పరీక్ష మారాలి, మన మాట కాదు. నా మాట మీద నేనున్నాను.

బట్టమేక_పిట్ట
నందికొట్కూరు నుంచి. గ్రేట్ గురించి ‘గొప్ప’ అని చెప్పిన సార్‌ను ఒకసారి మా రోళ్లపాడు తీసుకురా గిరీ. 1988లో అక్కడ అభయారణ్యం పెట్టిందే బట్టమేక పిట్ట కోసం. దాని ఇంగ్లిష్ పేరు గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. ఎగిరే పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. మగది మీటరు ఎత్తు, బరువు 15 కిలోల దాకా పోతుంది. ఆ పేరులో గ్రేట్ అంటే మహానుభావుడు అని కాదు, ఆ జాతి పిట్టల్లో పెద్దది అని. అదే గడ్డి మైదానంలోకి వానాకాలంలో ఇంకో చిన్న పిట్ట వచ్చేది, దాని పేరు లెస్సర్ ఫ్లోరికన్. అది కూడా బస్టర్డ్ కుటుంబమే. గ్రేట్‌కు ఎదురుగా లెస్సర్. ఫ్లెమింగోల్లోనూ గ్రేటర్, లెస్సర్ అనే రెండు రకాలున్నాయి. పక్షుల పేర్లలో బిగ్, లార్జ్ లేవని కాదు కానీ జతగా వచ్చేటప్పుడు ఎక్కువగా ఈ జంటే.

బాధేంటంటే పేరులో గ్రేట్ ఉన్న పిట్టకు ‘ఎ గ్రేట్ నంబర్ ఆఫ్’ అనే అదృష్టం లేదు. దేశం మొత్తం మీద 150 కూడా ఉండవంటున్నారు. ఎక్కువ రాజస్థాన్‌లోనే. మా చిన్నప్పుడు పొలాల్లో కనిపించేదని నాయన చెప్పేవాడు. ఇప్పుడు చుట్టూ గడ్డి నేల పోయి పంట చేలు వచ్చాయి, కరెంటు తీగలు వచ్చాయి. ఇంత బరువు పిట్టకు ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, ఎగురుతూ తీగ కనపడినా చప్పున పక్కకు తిరగలేదు.

శెనక్కాయ_రైతు
మా వైపు కూడా ఉండేవని పెద్దోళ్లు చెప్తారు. నేను చూడలేదు.

డ్యూటీ_నర్స్
ఈ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

సంగటి_ముద్ద
గిరి పావు మార్కుకు ఏడుస్తుంటే ఇక్కడ జాతి జాతే పోతోంది. సరే, ఎవరైనా మళ్లీ దారిలోకి తీసుకురండప్పా.

కోర్టు_గుమాస్తా
నేను తెస్తా. ఊళ్ల పేర్లు చూడండి. పెద్దపప్పూరు, పెద్దవడుగూరు, పెద్దకడుబూరు, పెద్దముడియం. మాజీ ముఖ్యమంత్రి సంజీవయ్య గారు పుట్టిన పెద్దపాడు. వీటిని ఇంగ్లిష్‌లోకి మార్చాల్సి వస్తే బిగ్‌పాడు అంటారా, లార్జ్‌పాడు అంటారా?

పాఠాల_పద్మ
ఇంగ్లండ్ ఊళ్లకు ఈ జంట చాలానే ఉంది. అక్కడ గ్రేట్ మిసెండెన్, లిటిల్ మిసెండెన్ అని పక్కపక్క ఊళ్లు. బిగ్, స్మాల్ అని పెట్టుకోలేదు. కాబట్టి గ్రేట్ పాడు అవుతుంది. గ్రేట్ బ్రిటన్ కథా అదే. ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటనీ చిన్న బ్రిటన్, ఇది పెద్ద బ్రిటన్. తరవాత వాళ్ల రాజ్యం పెరిగాక ‘గొప్ప’ అని మనకు వినిపించడం మొదలైంది.

సంగటి_ముద్ద
రెండు వందల ఏళ్లు మనల్ని ఏలింది ‘పెద్ద బ్రిటన్’ అని ముందే తెలిసుంటే ఇంత భయపడేవాళ్లం కాదేమో. పెద్దపప్పూరు అంటే ఎవరికి భయం?

పెద్దపప్పూరు_పిల్లోడు
ఒకసారి వచ్చి ఆ మాట అను.

కోర్టు_గుమాస్తా
కడపలో పెద్ద దర్గా ఉంది కదా, అమీన్ పీర్ దర్గా. బోర్డుల మీద, వార్తల్లో ఇంగ్లిష్‌లో కూడా ‘పెద్ద దర్గా’ అనే రాస్తారు. బిగ్ దర్గా అని ఎవరూ అనరు, గ్రేట్ దర్గా అని కూడా అనరు. అక్కడ ఆ పెద్దలో పెద్దరికం ఉంది. గజం బద్దతో దొరికేది కాదు. కొన్నిటిని మార్చకుండా వదిలేయడమే మర్యాద.

ఉగ్గాని_ప్రియ
నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే.

గుత్తిరోడ్డు_గిరి
మన తిమ్మమ్మ మర్రిమాను సంగతి? 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది కదా. దానికి ‘లార్జెస్ట్’ అని చదివాను, బిగ్గెస్ట్ కాదు.

బట్టమేక_పిట్ట
ఎందుకంటే అక్కడ కొలిచింది కొమ్మలు పరుచుకున్న విస్తీర్ణం, దాదాపు 5 ఎకరాలు. రికార్డులు, కొలతలు అంటే లార్జ్‌దే రాజ్యం. కోల్‌కతా దగ్గర శిబ్‌పూర్ తోటలో ఉన్న మర్రిని మాత్రం ‘గ్రేట్ బనియన్’ అంటారు. పేరు గ్రేట్ వాళ్లది, విస్తీర్ణం లార్జ్ మనది.

శెనక్కాయ_రైతు
5 ఎకరాలంటే మా లెక్కలో ఆ చెట్టు స్మాల్ ఫార్మర్.

ప్రొద్దుటూరు_కొట్టు
ఈ పోస్టు ఇంట్లో చదివి వినిపించినాను, అందరూ నవ్వినారు.

రూల్_అంటే_రూల్
పరీక్షలో నిజంగా అడిగేది ఒకటి చెప్తాను, ఉపయోగపడుతుంది. ‘ఇట్ ఈజ్ టూ బిగ్ ఎ రిస్క్’. ఇందులో ‘ఎ’ ఎక్కడుందో చూడండి. టూ, సో, యాజ్, హౌ వచ్చినప్పుడు విశేషణం ముందుకు దూకి ‘ఎ’ వెనక్కి పోతుంది. హౌ బిగ్ ఎ హౌస్, సో లార్జ్ ఎ క్రౌడ్. పిల్లలు ‘ఎ టూ బిగ్ రిస్క్’ అని రాసి పోగొట్టుకుంటారు.

బెంగళూరు_బస్సు
మా అమెరికా క్లయింట్లు రోజూ ‘టూ బిగ్ ఆఫ్ ఎ రిస్క్’, ‘నాట్ దట్ బిగ్ ఆఫ్ ఎ డీల్’ అంటారు. మధ్యలో ఆఫ్. మరి వాళ్లది తప్పా?

రూల్_అంటే_రూల్
తప్పు. ఎర్రర్ స్పాటింగ్‌లో ఆఫ్ కనపడగానే గీసెయ్.

పాఠాల_పద్మ
అమెరికా వాళ్ల మాటల్లో అది మామూలే. వాళ్ల రాతలో కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. తప్పు అనేకంటే, మన పరీక్షల వాళ్లు ఒప్పుకోరు అనడం న్యాయం. రూల్ సార్ చెప్పినట్టు పరీక్షలో గీసేయండి, ఆఫీసులో క్లయింటును మాత్రం సరిచేయకండి.

బెంగళూరు_బస్సు
సరిచేస్తే ఉద్యోగం ఎట్ లార్జ్ అవుతుంది మేడమ్.

డ్యూటీ_నర్స్
వరస కూడా చెప్పండి మేడమ్. ‘బ్లాక్ బిగ్ స్టోన్’ ఎందుకు అనకూడదు?

పాఠాల_పద్మ
సైజు ముందు, వయసు తరవాత, రంగు ఆ తరవాత, ఎక్కడిది, దేనితో చేసింది చివర. ‘బిగ్ బ్లాక్ కడప స్టోన్’. మనమూ పెద్ద నల్ల కడప బండ అనే అంటాం, నల్ల పెద్ద బండ అంటే ఏదో వేరే బండతో పోలుస్తున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క విషయంలో తెలుగు పిల్లలకు కష్టం లేదు. చెవిని నమ్మితే చాలు.

గుత్తిరోడ్డు_గిరి
పద్మ మేడమ్ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మా సార్‌కు చూపించాను. చదివాడు. ‘నువ్వు కరెక్టే, కానీ కీ మార్చను. మారిస్తే లార్జ్ పెట్టినోళ్లు గొడవ చేస్తారు’ అన్నాడు. లార్జ్‌కూ మార్కు ఇవ్వండి, గ్రేట్‌కూ ఇవ్వండి అన్నాను. అలా చేస్తే ర్యాంకులు మారతాయట.

సంగటి_ముద్ద
ఆయనకు వచ్చిన ఇంగ్లిష్ కంటే లెక్కలే ఎక్కువ.

రూల్_అంటే_రూల్
అది సరికాదు. రెండు జవాబులు రైటయితే రెండింటికీ మార్కు ఇవ్వాలి. ఇక్కడ నేను గిరి వైపే. నా సెంటర్‌లో అయితే ఇచ్చేవాణ్ణి.

ఉగ్గాని_ప్రియ
స్మాల్‌కూ లిటిల్‌కూ తేడా ఎవరైనా చెప్తారా? మా పాప హోంవర్క్.

మోడరేటర్
దానికి వేరే చర్చ తెరవండి. ఇది ఇప్పటికే పెద్దదైంది. ఏ ‘పెద్ద’ అని అడగొద్దు.

పెద్దపప్పూరు_పిల్లోడు
చివరగా ఒకటి. కొండారెడ్డి బురుజు టాలా, హైయా? కర్నూలోళ్లు చెప్పాల.

పాఠాల_పద్మ
బురుజు టాల్. నిలువుగా లేచి, ఎత్తుతో పోలిస్తే వెడల్పు తక్కువగా ఉన్నవి టాల్. మనుషులు, చెట్లు, గోపురాలు అన్నీ అందులోకే. కోటగోడలు, కొండలు హై.

సంగటి_ముద్ద
మన కోటగోడ చాలావరకు పోయింది కదక్కా. ఇక హై అనే మాటకు కర్నూల్లో పనేముంది?

ప్రొద్దుటూరు_కొట్టు
మే నెల ఎండలు ఉన్నాయి కదప్పా. టెంపరేచర్‌కు హై కాకుండా ఏం పెడతావు?